కాన్పు గదిలో కొత్త శిష్యరికం

వరంగల్: కొత్తవాడలో జంపఖానా నేసే మగ్గం దగ్గర, పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ కొట్టే పనివాని దగ్గర, ఊరి చౌరస్తాలో మోటారు మెకానిక్ షెడ్డులో పని ఎట్లా నేర్చుకుంటారో ఈ జిల్లా వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ముందు చూడాలి. తరువాత పనిముట్టు అందించాలి. ఆపైన ఉస్తాదు కళ్ల ముందు తానే చేయాలి. చెయ్యి తిరిగిందని ఉస్తాదు ఒప్పుకునేదాకా ఒంటరిగా పని అప్పజెప్పరు.

తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం రెండూ చేతిలో ఉండే కాన్పు పనికి మాత్రం ఈ పద్ధతి చాలాకాలం కొరవడింది. పుస్తకం చదివి పరీక్ష రాసి వచ్చిన నర్సును కాన్పు గదిలో నిలబెడితే పని అదే వచ్చేస్తుందని అనుకున్నారు. ఆ ఆలోచనను మార్చే ప్రయత్నం 2017లో తెలంగాణలో మొదలయింది. వరంగల్‌కు డెబ్బయి కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న కరీంనగర్ ప్రభుత్వ ఆస్పత్రిలో 30 మంది నర్సులతో తొలి జట్టు శిక్షణలో చేరింది. రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి చేపట్టిన కార్యక్రమమది. ఫెర్నాండెజ్ ఆస్పత్రి తన సొంత కాన్పు గదుల కోసం 2011 నుంచే ఇటువంటి శిక్షణ ఇస్తూ ఉంది. ఆ అనుభవమే సర్కారు దవాఖానకు పనికి వచ్చింది.

శిక్షణ పద్దెనిమిది నెలలు. అందులో పన్నెండు నెలలు పాఠమూ పనీ కలిపి నేర్చుకోవాలి. మిగిలిన ఆరు నెలలు కాన్పు గదిలోనే ఉంటూ, చెయ్యి తిరిగిన వారి కనుసన్నలలో పురుళ్లు పోయాలి. చేరేవారు కొత్త పిల్లలు కారు. నర్సింగ్ చదివి ఉద్యోగం చేస్తున్నవారే. సాధారణ కాన్పును మొదటి నొప్పి నుంచి తల్లి బిడ్డకు పాలు పట్టేదాకా తానే నడిపించగల మిడ్‌వైఫ్‌ను తయారు చేయడమే దీని లక్ష్యం. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసి, దేశమంతటికీ ఇదే దారి అన్నది. 2022 నాటికి తెలంగాణలో ఇట్లా తయారైన వారు 200 పైచిలుకు.

నూటికి అరవై ఒకటి

ఈ శిక్షణ అవసరం ఎందుకు వచ్చిందో ఒక్క అంకె చూస్తే అర్థమవుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూరు కాన్పులు జరిగితే దాదాపు 61 పెద్దాపరేషన్లే. దేశం మొత్తానికి ఈ లెక్క 21.5 మాత్రమే. రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల వరకు తీసుకుంటే నూటికి 81కి పైన. ప్రభుత్వ ఆస్పత్రులలోనూ 44కు పైనే. ఒక ప్రాంతంలో పెద్దాపరేషన్లు నూటికి పది దాటిన తరువాత ఇంకా పెంచినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్లు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించింది.

తెలంగాణ ఆడవారి దేహం దేశంలోని మిగతా ఆడవారి దేహం కంటే మూడింతలు బలహీనమైనదా? కాదు గదా.

ఆపరేషన్‌ను తప్పు పట్టడానికి లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ గర్భాశయ ద్వారానికి అడ్డు పడినా, లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతున్నా కత్తి పట్టిన డాక్టరే దేవుడు. పూర్వం ఇటువంటి స్థితిలో తల్లినో బిడ్డనో, ఒక్కోసారి ఇద్దరినీ పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. చిక్కల్లా అవసరం లేని కోతతోనే.

ఆ కోతకు కారణాలు అందరికీ తెలిసినవే. తొలిచూలు కాన్పుకు పన్నెండు గంటలు పట్టవచ్చు, ఇంకా ఎక్కువా పట్టవచ్చు. అంతసేపు పక్కన కూర్చునే తీరిక డాక్టరుకు లేదు. ఏదైనా జరిగితే బంధువులు వచ్చి ఆస్పత్రి మీద పడతారన్న భయం ఒకటి. ముహూర్తం పెట్టుకుని వచ్చి ఫలానా గంటకు బిడ్డను బయటకు తీయమనే కుటుంబాలు కొన్ని. నొప్పులకు తట్టుకోలేని కూతురిని చూసి ఆపరేషన్ చేసేయండమ్మా అని తల్లే వేడుకోవడం మరొకటి. ప్రైవేటులో బిల్లు సంగతి సరేసరి. ఒకసారి కోత పడితే మలి కాన్పుకూ చాలావరకు కోతే.

కూలి చేసుకునే ఇంట్లో ఈ కోత వెల ఆస్పత్రి బిల్లుతో తీరదు. పత్తి ఏరే రోజులలో, మిరప తోటలో కాయ కోసే రోజులలో ఆడమనిషి చెయ్యి ఆగితే ఇంటికి రెక్కాడదు. సాధారణ కాన్పు అయిన బాలింత కొన్నాళ్లకే కోలుకుంటుంది. కోత పడినామె బిందె ఎత్తాలన్నా, గడ్డి మోపు మోయాలన్నా వారాల తరబడి ఆగాలి. ఆమెకు తోడుగా ఇంట్లో ఇంకొకరి కూలీ పోతుంది. ఏనుమాముల మార్కెట్టుకు పంట పోయేలోపు అప్పు చేయక తప్పదు. కాన్పు గదిలో ఒక నర్సు ఎట్లా శిక్షణ పొందిందన్నది చివరకు ఈ ఇంటి లెక్కలో తేలుతుంది.

మంత్రసాని దగ్గర ఏముండేది?

నిజానికి ఈ శిష్యరికం మనకు కొత్త కాదు. ఊరి మంత్రసాని పని నేర్చుకున్నది అత్త దగ్గరో తల్లి దగ్గరో. చాలా ఊళ్లలో మంగలి, చాకలి, దళిత కుటుంబాల స్త్రీలే ఈ పని చేసేవారు. పురుడు మైల అని అగ్రవర్ణాల ఇళ్లు ఆ పనిని తమ చేతికి తాకనిచ్చేవి కావు. అర్ధరాత్రి కబురు వస్తే వెళ్లి, బిడ్డను పట్టి, బొడ్డు కోసి, మాయ పాతిపెట్టి, బాలింతకు నీళ్లు పోసి వచ్చేది. దక్కేది ఇన్ని వడ్లు, ఒక పాత చీర. ఊరంతటినీ చేతుల మీదుగా భూమ్మీదికి దించిన ఆమెకు గడప లోపల పీట వేసిన ఇళ్లు ఎన్నని?

ఆమె చేతిలో ఓర్పు ఉంది. నొప్పులు పడే పిల్లను నడిపించడం, వంగోబెట్టడం, వీపు రాయడం, ధైర్యం చెప్పడం ఆమెకు తెలుసు. తెలియనివి కూడా ఉన్నాయి. చెయ్యి కడగని చోట, కొడవలితో బొడ్డు కోసిన చోట ధనుర్వాతం వచ్చేది. మాయ పడ్డాక ఆగని రక్తస్రావానికి, గుర్రపువాతానికి ఆమె దగ్గర మందు లేదు. 1970ల చివర ప్రభుత్వం ఊరి దాయిలకు పెద్దఎత్తున శిక్షణ మొదలుపెట్టింది. సబ్బు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం ఇచ్చి పంపింది. నెల రోజుల తరగతితో శుభ్రత కొంత వచ్చింది గాని, రక్తం ఆపే సూది మందు రాలేదు. తరువాత ప్రపంచమంతటా ఆ దారి మానుకుని కాన్పులను ఆస్పత్రికి మళ్లించారు. 2005లో జననీ సురక్ష యోజన, అదే ఏడు 108 అంబులెన్సు వచ్చాయి. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రులలోనే జరుగుతున్నాయి.

మంత్రసాని పోయింది. ఆమెతోపాటు ఆమె ఓర్పు కూడా పోయింది. ఆస్పత్రికి మందు వచ్చింది, పక్కన కూర్చునే మనిషి రాలేదు. పద్దెనిమిది నెలల శిక్షణ పూరించాలని చూస్తున్నది ఈ ఖాళీనే.

చెయ్యి పెట్టకుండా ఉండడమే పెద్ద విద్య

మన దేశంలో నర్సు, మిడ్‌వైఫ్ రెండూ ఒకే సర్టిఫికెట్‌లో ఇమిడి ఉన్నాయి. నర్సింగ్ పూర్తిచేసిన ప్రతి అమ్మాయీ కాగితం మీద మిడ్‌వైఫే. చదివే రోజుల్లో ఇన్ని కాన్పులు చేయాలన్న నియమమూ ఉంది. కాని ఒక మంచం చుట్టూ పదిమంది విద్యార్థులు నిలబడితే వెనక ఉన్న ఇద్దరు ముగ్గురికి కనబడేది ముందున్న వారి భుజాలే. లాగ్ బుక్కులో అంకె నిండుతుంది, చేతికి పని రాదు. బ్రిటన్‌లోనూ, స్వీడన్‌లోనూ మిడ్‌వైఫ్ అంటే వేరే వృత్తి. సాధారణ కాన్పు ఆమె పని. తేడా వస్తేనే డాక్టరు. ఇంగ్లండులో 1902లోనే మిడ్‌వైఫ్‌ల శిక్షణకూ నమోదుకూ చట్టం చేశారు.

కొత్త శిక్షణలో నేర్పేవి వినడానికి చిన్న సంగతులు. పొట్ట మీద అరచెయ్యి పెట్టి బిడ్డ తల ఎటు ఉందో, వీపు ఎటు ఉందో చెప్పగలగాలి. గడియారం చూడకుండానే నొప్పి బలం చేతికి తెలియాలి. బిడ్డ గుండె చప్పుడు అరగంటకు మించకుండా వింటూ, కాన్పు ఎంతవరకు నడిచిందో పార్టోగ్రాఫ్ కాగితం మీద గీతలుగా గుర్తుపెట్టాలి. పరచిన గుడ్డ ఎంత తడిస్తే ఎంత రక్తం పోయినట్టో కంటితో అంచనా కట్టాలి. బిడ్డ పుట్టగానే తల్లి ఎద మీద పడుకోబెట్టి, బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కోయాలి. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి.

అన్నిటికంటే కష్టమైనది అవసరం లేనప్పుడు చెయ్యి పెట్టకుండా ఉండడం. నొప్పుల సూది ఎక్కించి తొందరపెట్టకుండా, తొలిచూలు కదా అని ప్రతి ఒక్కరికీ కింద కోత పెట్టి కుట్లు వేయకుండా, కాచుకుని ఉండడం. ఏ పుస్తకమూ ఇది నేర్పలేదు. పక్కన నిలబడి ‘ఇంకా ఆగవచ్చు’ అనే పెద్దదిక్కు ఉంటేనే చెయ్యి ఆగడం నేర్చుకుంటుంది. ఆగకూడని ఘడియ ఎప్పుడు వచ్చిందో తెలిసేది కూడా అట్లాగే.

దీని ఫలితం నేర్చుకున్న నర్సు ఒక్కదానితో ఆగదు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టించిన చోట గర్భిణి నడవవచ్చు, కూర్చోవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, నీళ్లు తాగవచ్చు. తల్లినో అత్తనో తోడుగా లోపలికి రానిస్తారు. నొప్పులకు అరిస్తే కసురుకోవడం, తొడ మీద చరచడం సర్కారు కాన్పు గదుల మీద ఉన్న పాత ఫిర్యాదు. ఈ భయంతోనే అప్పు చేసి ప్రైవేటుకు పోయిన వారున్నారు. ఒక మిడ్‌వైఫ్ మెత్తగా మాట్లాడుతుంటే పక్క మంచం దగ్గరి నర్సు, ఆయా కూడా గొంతు తగ్గిస్తారు. నేర్పవలసి వచ్చిన పెద్ద నర్సులు తమ పనిని తామే తిరిగి చూసుకోవలసి వస్తుంది. డాక్టరుకు రక్తపోటు పెరిగిన కేసు, కవలల కేసు చూసే సమయం మిగులుతుంది.

అంకెలు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉండగా, 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఇదంతా మిడ్‌వైఫ్‌ల చలవ అనడం సబబు కాదు. అప్పటికి వారు ఎంతమందని? అంబులెన్సు, రక్తనిధి, ఆశా కార్యకర్త, ఊళ్లో నెలనెలా తూకం చూసే ఏఎన్ఎం, అందరి పాలూ ఉంది. అదే కాలంలో ఇంకొకటి జరిగింది. సర్కారు దవాఖానలలో కాన్పులు సర్వే లెక్కన నూటికి 30 నుంచి 50కి చేరాయి. 2017లో మొదలైన కిట్టు, పన్నెండు పదమూడు వేల రూపాయల సాయం తల్లులను ఇటు రప్పించాయి. మనుషులు వచ్చారు సరే, వారిని పట్టుకునే చేతులు సరిపోవాలి గదా. ప్రపంచం మొత్తం మీద తొమ్మిది లక్షల మంది మిడ్‌వైఫ్‌లు తక్కువ ఉన్నారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2021లో లెక్క కట్టింది.

తోటలోని చెట్టును పీకి వేరే చోట నాటితే

పద్దెనిమిది నెలలు నేర్పిన తరువాత ఏమిటన్నదే అసలు చిక్కు. శిక్షణ పొందినామె కాన్పు గదిలోనే ఉంటే ఆ విద్య పదిమందికి అంటుతుంది. బదిలీల్లోనో, డ్యూటీలు తిప్పడంలోనో ఆమెను కంటి వార్డుకో మందుల గదికో పంపితే సర్కారు ఖర్చు, ఆమె కష్టం రెండూ వృథా. నేసే చెయ్యి ఏడాది మగ్గం ఎక్కకపోతే పోగు తెగుతుంది. కాన్పు పట్టే చెయ్యీ అంతే. అందుకే మిడ్‌వైఫ్‌కు వేరే పోస్టు, వేరే పదోన్నతి దారి ఉండాలి. స్టాఫ్ నర్సు పేరు మీదనే ఉంచి అదనపు భారం మోపితే ఇంకో జట్టులో చేరడానికి ఎవరు ముందుకు వస్తారు?

డాక్టర్ల అనుమానాన్నీ తీసిపారవేయరాదు. తేడా వస్తే జవాబు ఎవరిదన్న ప్రశ్న న్యాయమైనదే. మిడ్‌వైఫ్ చూసే గది ఆపరేషన్ థియేటరుకు దగ్గరలో ఉండాలి. ఏ గుర్తు కనబడితే డాక్టరును పిలవాలో రాతలో ఉండాలి. పిలిచినప్పుడు డాక్టరు రావాలి. ఈ మూడూ లేని చోట మిడ్‌వైఫ్‌ను ఒంటరిగా నిలబెట్టడం ఆమెకూ తల్లికీ ద్రోహం.

ఇంకొక సంగతి ఎవరూ పైకి అనరు. మగ్గం దగ్గర శిష్యుడు తప్పు చేస్తే నూలు పోతుంది. ఇక్కడ నేర్చుకునేది బతికి ఉన్న తల్లి మీద. వరంగల్ ఇందుకు పాత పాఠశాల. 1959లో వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థులు ఎంజీఎంలో, హన్మకొండ ప్రసూతి ఆస్పత్రిలో, వరంగల్ సీకేఎం ఆస్పత్రిలో పని నేర్చుకున్నవారే. ఆపైన మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో, ములుగు, నర్సంపేటలో 2024లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. హౌస్ సర్జన్లు, పీజీలు, నర్సింగ్ పిల్లలు, మిడ్‌వైఫ్‌లు అందరికీ కాన్పు చేసిన అనుభవం కావాలి. నేర్చుకునే చేతులు పెరిగాయి. ఇంటికి ఇద్దరు పిల్లలే అయిన ఈ రోజుల్లో కాన్పులు పెరగవు. ఎవరి వంతు ఎప్పుడో ఆస్పత్రి పెద్దలు కూర్చుని పంచుకోవాలి. అంతకు ముందు ఆ తల్లిని అడగాలి. ఫలానా ఆమె నేర్చుకుంటున్నది, పక్కన పెద్ద నర్సు ఉంటుంది, నీకు సమ్మతమేనా అమ్మా అని ఒక మాట. చదువు రాని గిరిజన స్త్రీ అయినంత మాత్రాన ఆ మాట అక్కరలేదనుకోరాదు.

అడవి పల్లెల దగ్గరికి వస్తే ఈ శిక్షణ విలువ మరింత పెరుగుతుంది. ఏటూరునాగారం నుంచి హన్మకొండ వంద కిలోమీటర్ల పైమాట. వానాకాలంలో వాగులు పొంగితే దారే ఉండదు. 2023 జూలైలో జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసిన సంగతి ములుగు జిల్లా మరువలేదు. అటువంటి రోజుల్లో నెలలు నిండిన వారిని ముందుగానే ఆస్పత్రి దగ్గరికి చేర్చడం ఒక్కటే మార్గం. చేర్చిన చోట చెయ్యి తిరిగిన మిడ్‌వైఫ్ ఉంటే సాధారణ కాన్పు అక్కడే అయిపోతుంది. ప్రమాదం ఉన్న తల్లిని నొప్పులు ముదరకముందే గుర్తించి, వాగు ఇంకా పొంగకముందే హన్మకొండకు పంపుతుంది. గుత్తికోయ గూడేలలో ఇంటి కాన్పులకే మొగ్గు చూపే కుటుంబాలను ఆస్పత్రికి రప్పించాలన్నా, అక్కడ కసురుకోని మనిషి, తమవారిని తోడుగా రానిచ్చే గది ముందు ఉండాలి.

ఏడో నెల నిండేలోపు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కాన్పు ఏ ఆస్పత్రిలో? అక్కడ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్నారా? ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి పంపుతారు? ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడిగితే చెబుతారు. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకోవాలి. 108కు ఫోన్ చేయడానికి చార్జీ పడదు. తోడుగా లోపలికి వెళ్లేది ఎవరన్నది కూడా ముందే అనుకోవాలి. సర్కారు దవాఖానల కాన్పు గదుల్లోకి తోడు మనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆమె గర్భిణికి దగ్గరి బంధువై, తాను స్వయంగా పురుడు పోసుకున్న స్త్రీ అయితే మేలు.